ఆరో కుర్చీ

ఆ మధ్యాహ్నం దవాఖాన వరండా చివర ఉన్న మనుషులు నలుగురు. కాలు కోసం నెక్కొండ నుంచి వచ్చిన రిటైర్డ్ హవల్దారు. ఆయన భార్య. మేమంతా ఉస్తాద్ అని పిలిచే మా వర్క్‌షాపు పెద్ద మేస్త్రీ. నేను.

ఉన్న వస్తువులు: ఒక బెంచీ. మా దగ్గర తయారైన కృత్రిమ కాలు, అప్పటికే హవల్దారు తొడుక్కున్నాడు. దాని స్క్రూలు తిప్పే ఎలన్ కీ. రసమట్టం, టేపు. మడతపెట్టిన తెల్లటి తువ్వాల. సంతకం పడాల్సిన ఒక సర్టిఫికెట్టు. నల్ల బూట్లు ఒక జత, పైన తిరిగే ఫ్యాను వాటిలో కనిపించేంత మెరుపుతో.

సంతకం పెట్టాల్సిన ఎముకల డాక్టరమ్మ తలుపు అవతల మరో పేషెంటును చూస్తోంది. రంజాన్ పండుగ ఇంకో పది రోజుల్లో ఉంది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన మీరు నన్ను అడిగిన ప్రశ్నకు ఇదే నా జవాబు. గుర్తుండిపోయిన కేసు ఏదన్నా ఉందా అన్నారు. కృత్రిమ అవయవాల పనిలో నేను నాలుగేళ్ళు వరంగల్‌లో ఉన్నాను. ఇప్పుడు వేరే ఊళ్ళో డ్రాయింగులు గీస్తున్నాను, కాళ్ళు కొలవడం లేదు. రిటైరయ్యే వయసు రాలేదు గానీ ఆ పనికి మాత్రం రిటైరైనట్టే. కాబట్టి పెద్దమనిషిలా చెప్పే హక్కు కొంచెం ఉందనుకుంటాను.

హవల్దారు మొదటిసారి మా వర్క్‌షాపుకు చంకకర్రల మీద వచ్చాడు. ఎడమ కాలు మోకాలి కింద లేదు. కుడి కాలికి బూటు ఉంది. ఇస్త్రీ చొక్కా, పక్క పాపిడి. బల్ల మీద కూర్చోగానే మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

"అడుగుండి," అన్నాడు.

"ఏం అడగాలె సాబ్?" అన్నాడు ఉస్తాద్.

"ఏ బార్డర్ల పోయిందని. అందరు అడిగేది గదే."

"ఏ బార్డర్ల పోయింది సాబ్?"

"నర్సంపేట మార్కెట్ యార్డుల. పత్తి ట్రాక్టరోడు చూసుకోకుంట రివర్స్ తీసిండు. ఇరవై ఏండ్లు మంచుల, ఇసుకల తిరిగితే గోరు సుత ఊడలే నాకు."

పక్కన నిలబడ్డ ఆయన భార్య, "గా డ్రైవర్‌కు మెడల్ ఇయ్యాలె బేటా," అంది నాతో. "దుష్మన్‌తోని కాని పని చేసిండు."

హవల్దారు నవ్వలేదు. ఆమె ఆ మాట చాలాసార్లు అని ఉంటుందని అర్థమైంది. కానీ ఆమెను ఆపనూ లేదు.

కొలతలు తీసేముందు మేం అందరినీ అడిగే మాట ఒకటుంది: కాలు వచ్చాక ముందుగా ఏం చెయ్యాలనుకుంటున్నారు? పొలం పోవాలంటారు, బస్సు ఎక్కాలంటారు, ఎవరిమీదా ఆధారపడకుండా బాత్‌రూమ్‌కు పోవాలంటారు. హవల్దారు ఆలోచించలేదు. జవాబు సిద్ధంగా ఉంది.

"రంజాన్ నమాజు నిలబడి చదవాలె."

"ఇప్పుడు ఎట్ల చదువుతాన్రు?"

"కుర్చీ మీద. మా మసీదుల ముసలోళ్ళ కోసం, మోకాళ్ళ నొప్పులోళ్ళ కోసం చివరికి కుర్చీలు ఏస్తరు. ఐదు ఉండె. నాకోసం ఇంకోటి తెచ్చిన్రు. ఆరోది నాది. తప్పేం లేదు జవాన్. నిలబడలేనోనికి కూసోని చదివే సౌలత్ దేవుడే ఇచ్చిండు. ఎవ్వలు ఏమనరు. నేను పోయేసరికే దుమ్ము తుడిచి పెడ్తరు. గదే నాకు బాధ. నేను ఇగ లేవను అని అందరికి ఖాయమైపోయింది."

ఇదంతా జరగకముందు ఆయన రెండో వరుసలో వాళ్ళన్న పక్కన నిలబడేవాడట. వరుసలో సందు ఉంచకూడదు, భుజానికి భుజం తగలాలి. కాబట్టి ఆయన ప్రమాదం జరిగి దవాఖానలో ఉన్నప్పుడే ఆ సందు నిండిపోయింది.

"పరేడ్‌ల గూడ అంతే," అన్నాడు. "ఒకడు పడితే పక్కోడు జరుగుతడు. జరగాలె. మళ్ళ లేచినోడు వచ్చి తన జాగ తను అడుక్కోవాలె."

ఆయన చెప్పినదాంట్లో నాకు బాగా గుర్తుండిపోయిన మాట అది. అప్పుడు మాత్రం నేను మోకాలి చుట్టుకొలత రాసుకుంటున్నాను.

కాలు ఇచ్చేది మాజీ సైనికుల వైద్య పథకం. మేం చేసి పెట్టేవాళ్ళం మాత్రమే. ఆ దారి మీకు తెలియకపోతే క్లుప్తంగా: పాలీక్లినిక్ డాక్టరు చీటీ రాస్తాడు. దానితో ఎముకల డాక్టరు దగ్గరికి పోవాలి. ఆమె ఏ రకం కాలు కావాలో సిఫారసు చేస్తుంది. మేం అంచనా ఇస్తాం. కాగితాలు పై ఆఫీసుకు పోతాయి. అక్కడ మంజూరైతే కాలు తయారవుతుంది. చివరికి అదే డాక్టరు మనిషిని నడిపించి చూసి, సరిగ్గా అమరిందని సంతకం పెట్టాలి. సంతకం అయ్యేదాకా కాలు మా దగ్గరే ఉండాలి, ఇంటికి పోకూడదు. ఈ చివరి సంగతి గుర్తుంచుకోండి.

ఫైలు ఒకసారి తిరిగి వచ్చింది. అంత మంచి పాదం ఎందుకు, మామూలుది చాలదా అని పైనుంచి ప్రశ్న. పాలీక్లినిక్‌లో కాగితాలు చూసే క్లర్కు కూడా పాత ఫౌజీనే. హవల్దారునూ నన్నూ కూర్చోబెట్టి కారణం రాయమన్నాడు.

"నమాజుకు అని రాయరాదు?" అన్నాడు హవల్దారు. "వంగాలె, మోకాళ్ళ మీద కూసోవాలె, లేవాలె. గట్టి పాదంతోని అయితదా?"

క్లర్కు కలం మూత తీశాడు. "అబద్ధమైతే కాదు సాబ్. కానీ పైనోళ్ళకు అర్థమయ్యే భాషల రాయాలె. 'రోజువారీ పనులు' అని పెడదాం. అండ్ల నమాజు వస్తది, నడక వస్తది, అన్ని వస్తయి."

అన్నీ వచ్చాయి. మంజూరు కూడా వచ్చింది.

ఇక బూట్ల సంగతి. ట్రయల్‌కు వచ్చేటప్పుడు రోజూ వేసుకునేవి తెచ్చుకోండి అని అందరికీ చెప్పేవాళ్ళం. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో నూటికి తొంభై మంది చెప్పులవాళ్ళే. రైతులు, హమాలీలు, ఆటోవాళ్ళు. రబ్బరు చెప్పులు తెస్తారు. చెప్పుకు మడమ ఉండదు, అడుగంతా ఒకే మందం. హవల్దారు బూట్లు తెచ్చాడు. రిటైరైన ఏడాది కొన్నవట. రెండూ తెచ్చాడు. రెండూ ఒకే తీరుగా మెరుస్తున్నాయి.

"రెండు బూట్లకు దినాం పాలిష్ ఏస్తడు," అంది ఆయన భార్య. "కాలు పోయినంక గూడ. ఒక్కటే తొడుగుతడు, రెండు తుడుస్తడు. ఎందుకయ్యా అంటే మాట్లాడడు."

"ఒకటి మెరిసి ఒకటి మెరవకపోతే జత ఎట్లయితది?" అన్నాడాయన.

ఆ ట్రయళ్ళలో నేను పరీక్షించినవన్నీ వరసగా చెప్పగలను. చదును మీద నడక, ర్యాంపు, మెట్లు, వెనక్కి తిరగడం, కుర్చీలోంచి లేవడం, నడుం దాకా వంగడం, మోకాళ్ళ మీద కూర్చోవడం, నుదురు నేలకు ఆనించడం, అక్కడి నుంచి చేతుల సాయంతో లేవడం. నమాజులో ఉండే భంగిమలన్నీ ఆయనతోనే చెప్పించుకుని ఒక్కొక్కటి చేయించాను. ఒక రోజు మధ్యలో ఆగి, "బూట్లు ఇప్పాల్నా?" అని అడిగాడు కూడా. "వద్దు సాబ్, ఉంచుండి," అన్నాడు ఉస్తాద్. రబ్బరు పాదం వేళ్ళ దగ్గర వంగినా చీలమండ దగ్గర వంగదు. దానికి బూటు తొడగడమంటే కుస్తీ. విప్పితే మళ్ళీ తొడగాలి. బయట ఇంకో ముగ్గురు కూర్చుని ఉన్నారు. నేను కూడా అవునన్నట్టు తల ఊపాను.

అట్లా నెలరోజులు ఆయన మా హాల్లో బూట్లతో నమాజు చేశాడు. ఇంట్లోకి చెప్పులతో పోతే అమ్మ చేత తిట్లు తినే మేమే, గుడికి పోతే చెప్పులు ఎక్కడ విడవాలా అని వెతుక్కునే మేమే, చూసి బాగుందన్నాం.

సంతకం రోజుకు వస్తాను. డాక్టరమ్మ ఆ దవాఖానకు నెలకోసారి మెడికల్ బోర్డు కోసం వస్తుంది. హవల్దారు ఉదయమే వచ్చాడు, ఉపవాసంతో. ఆమె ఎదుట వరండా పొడవునా నడిచాడు. వెనక్కి తిరిగేటప్పుడు ఆయన కుడి మడమ తనంతట తానే టక్కుమంది. ఆమె నవ్వి, "ఇది నడక కాదు, మార్చింగ్. బాగుంది. లోపలి పేషెంటును చూసి సంతకం పెడతాను," అంది.

ఉస్తాద్ టిఫిన్ డబ్బా తీయబోయి, ఉపవాసమున్న మనిషి ముందు బాగుండదని మళ్ళీ సంచీలో పెట్టాడు. అప్పుడే దగ్గర్లో ఎక్కడో అజాన్ వినబడింది.

"ఎట్లాగు ఆగుడే గదా," అన్నాడు హవల్దారు. "నమాజు చేసుకుంట."

భార్య వరండా మూల తువ్వాల పరిచింది. ఆయన బెంచీ మీద కూర్చుని కుడి బూటు విప్పాడు. ఎడమది రాలేదు. ఉస్తాద్ మోకాళ్ళ మీద కూర్చుని లాగి తీశాడు. హవల్దారు లేచి రెండడుగులు వేశాడు.

రెండో అడుగుకే ఒళ్ళంతా వెనక్కి పోయింది. ఎడమ మోకాలు వెనక్కి తన్నింది, పాదం ముందు భాగం నేల నుంచి లేచింది. గోడ దొరికింది కాబట్టి ఆగాడు. మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ అంతే, ఎవరో ఛాతీ మీద చెయ్యి పెట్టి తోసినట్టు.

"ఏమైంది జవాన్?" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. "గుట్ట ఎక్కుతాన్నట్టు ఉన్నది. నేల సాఫ్‌గనే ఉన్నది గదా?"

ఏమైందో నాకు ఆ క్షణమే తెలిసింది. బూటు మడమ ఎత్తుకు సరిపోయేట్టు మేం కాలు నిలబెట్టాం. మడమ కింద బూటు ఉన్నంతసేపు కాలు నిటారు. బూటు తీస్తే మడమ కిందికి దిగుతుంది, దానితో కాలంతా వెనక్కి వాలుతుంది. మామూలు మనిషికి చీలమండ సర్దుకుంటుంది. ఈ కాలికి చీలమండ ఉన్నచోట నాలుగు స్క్రూలు, ఒక పైపు ఉన్నాయి. చెప్పులవాళ్ళకు ఈ తేడా రాదు. ఈ కాలేమో ఇంకా ఇంటికి పోనేలేదు, ఉత్తగా నేల తొక్కలేదు. అందుకే ఇన్నాళ్ళూ ఎవరూ పడలేదు, మాకూ తెలియలేదు.

నేను ఆయనకు ఇది చెప్తుండగానే వెనక తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ గడపలో నిలబడి ఉంది. గోడ పట్టుకున్న మనిషిని చూసింది, బెంచీ కింద బూట్లను చూసింది. ఎవరూ విడమర్చి చెప్పనక్కరలేకపోయింది.

ఉస్తాద్ ముందుకు వచ్చాడు. "చిన్న అడ్జస్ట్‌మెంటే మేడమ్. సంతకం పెట్టుండి, సాయంత్రం వర్క్‌షాపుల సరి చేసి పంపుత."

"పడబోయిన మనిషిని ఇప్పుడే చూశాను. బాగా నిలబడుతున్నాడని ఎట్లా రాయమంటారు?"

"బూట్లతోని బాగనే నడిచిండు గదా మేడమ్."

"నిద్రలో కూడా బూట్లతోనే ఉంటాడా?" అని హవల్దారు వైపు తిరిగింది. "మీరేమంటారు?"

ఆయన గోడ వదిలి, కుడి కాలి మీద బరువు వేసి నిటారుగా నిలబడ్డాడు. "సంతకం చేయుండి మేడమ్. మీకు లేట్ అయితాంది. నేను సర్దుకుంట. కుర్చీ ఉండనే ఉన్నది."

ఆ మాటకు ఆయన భార్య ఏదో ఒకటి అంటుందని చూశాను. ఆమె వంగి తువ్వాల మడత పెట్టడం మొదలుపెట్టింది.

డాక్టరమ్మ గడియారం చూసుకుంది. "మూడింటికి నాకు హనుమకొండలో ఆపరేషన్ ఉంది. అప్పటిదాకా ఇక్కడే ఉంటాను. ఉత్త కాళ్ళతో నిలబెట్టండి, బూట్లతో నడిపించండి. రెండూ చూపిస్తే సంతకం. లేదంటే వచ్చే నెల బోర్డు." తలుపు వేసుకుంది.

వచ్చే నెల బోర్డు నాటికి పండుగ వెళ్ళిపోతుంది.

మేం మొదలుపెట్టాం. స్క్రూలు తిప్పి ఉత్త పాదానికి సరిపోయేట్టు కాలు నిలబెట్టాం. ఉత్త పాదంతో హవల్దారు స్తంభంలా నిలబడ్డాడు. బూటు తొడిగితే ఈసారి ముందుకు పడ్డాడు, మోకాలు ఆగకుండా వంగిపోతూ. రెండింటికీ నడిమధ్యన పెట్టి చూశాం. ఉత్త పాదంతో కొంచెం వెనక్కి, బూటుతో కొంచెం ముందుకు. రెండు పడవల మీద కాళ్ళు అంటారు కదా, ఒక్క కాలితోనే అది సాధించాం. మళ్ళీ బూటు లెక్కకు తెచ్చి, ఉత్త పాదం మడమ కింద రబ్బరు ముక్క పెట్టి టేపు చుట్టాం. నిలబడ్డాడు. మోకాళ్ళ మీదికి వెళ్ళి లేచేసరికి ముక్క జారి పక్కకు వచ్చింది.

ఉస్తాద్ చెమట తుడుచుకున్నాడు. "పాదమే వేరేది ఉంటది. మడమ ఎత్తు మార్చుకునేది. కానీ మంజూరైంది ఇది."

"మంజూరు అంటే మల్ల మొదటి నుంచి గదా," అన్నాడు హవల్దారు. ఉస్తాద్ తల ఊపాడు. "జవాన్, నువ్వు చదువుకున్నోనివి. సీదా చెప్పు. కాలు ఒక్క తీరుగనే ఉంటది. నేలొక తీరు, బూటొక తీరు. ఏదో ఒకటి ఇడవాలె. గంతేనా?"

"గంతే సాబ్," అన్నాను. తర్వాతి మాట నా నోటి దాకా వచ్చి ఆగింది. కాలు పోయాక కూడా రోజూ రెండింటికీ పాలిష్ వేసిన మనిషి. చివరికి అన్నాను. "బూటుకు మడమ లేకపోతే మాత్రం రెండూ ఒకటే అయితయి."

ఆయన బూట్ల వైపు చూశాడు. వరండాలో ఎవరో స్ట్రెచర్ తోసుకుంటూ పోయారు. చక్రాల చప్పుడు మలుపు తిరిగేదాకా ఆయన చూస్తూనే ఉన్నాడు.

"మడమ కోస్తే బూటు బూటు లెక్క ఉంటదా?"

"ఉండదు సాబ్. అబద్ధం చెప్ప."

"రెండు కొయ్యాలెనా?"

"రెండూ కొయ్యాలె. ఒకటే కోస్తే ఒక పక్కకు ఒరుగుతరు."

వంగి రెండు బూట్లూ తీసుకున్నాడు. రుమాలు తీసి కుడిదాని ముక్కు ఒకసారి తుడిచాడు. అలవాటు అయ్యుంటుంది. నా చేతిలో పెట్టాడు.

"నేను రాను. బేగంను తోల్కపో," అన్నాడు.

దవాఖాన గేటు పక్కన గొడుగు కింద ఒకతను చెప్పులు కుడతాడు. నేను సంగతి చెప్పాను. అతను బూట్లు తిప్పి చూసి నా ముఖం చూశాడు.

"మడమ అరిగితే ఏస్త. ఊడితే ఏస్త. మంచిగున్న మడమ కొయ్యమంటాన్రేంది సార్?"

"అవసరం ఉన్నది."

"ఇది కోస్తే బూటు కాదు, చెప్పయితది. మళ్ళ నా మీదికి రావొద్దు."

"ఎవరు రారు గానీ కొయ్యి భయ్యా," అంది హవల్దారు భార్య. "మనిషికే కాలు కోసిన్రు. బూటుకేమైతది?"

అతను కత్తి పెట్టి, సుత్తితో తడుతూ పొర తర్వాత పొర ఊడదీశాడు. అడుగుకు పలుచటి రబ్బరు షీటు అంటించి అంచులు కుట్టాడు. డబ్బులివ్వబోతుంటే ఆమె రోడ్డు మీద పడ్డ మడమ ముక్కలు ఏరుకుని చేతిసంచీలో వేసుకుంది. ఎందుకని నేనడగలేదు. మడమలు పోగానే బూట్ల ముందు భాగాలు పైకి లేచాయి. పడవ ముక్కులా. ఆమె ఎత్తి పట్టుకుని చూసింది.

"అచ్చం నీ హవల్దార్ సాబ్ తీరుగనే ఉన్నయి బేటా. ఏం లేకున్నా ముక్కు మీదికే."

అదే మాట వరండాలో ఆయనకు కూడా చెప్పింది. ఆయన బూట్లు చూసుకున్నాడు. ఆ రోజు మొదటిసారి నవ్వాడు. "ఇవ్వి తొడుక్కోని జెండా వందనం పోతే మా ఫౌజోళ్ళు గుర్తు పట్టరు నన్ను."

"బూట్లు చూసి గుర్తు పట్టేటోళ్ళు పట్టకుంటేంది?" అంది ఆమె.

స్క్రూలు ఉత్త పాదం లెక్కకు తెచ్చాం. ఉస్తాద్ పైపుకు రసమట్టం ఆనించి పట్టుకున్నాడు, నేను బిగించాను. బిగించాక హవల్దారు లేచి, మేం చెప్పకముందే తువ్వాల వైపు నడిచాడు. ఎడమ పాదం నేల మీద పూర్తిగా ఆనింది. నిలబడి చేతులు చెవుల దాకా ఎత్తాడు.

నేను తలుపు తట్టి డాక్టరమ్మను పిలిచాను. ఆమె బయటికి వచ్చి, చూసి, ఆగిపోయింది. పరీక్ష కోసం పిలిచాను గానీ ఆయన నిజంగానే మధ్యాహ్నం నమాజు మొదలుపెట్టాడు. మధ్యలో మాట్లాడడు, మేం అడిగింది చెయ్యడు. వంగాడు, లేచాడు. మోకాళ్ళ మీదికి దిగాడు, నుదురు ఆనించాడు. లేవడం ఆలస్యమైంది. కుడి పాదం ముందు వేసి, రెండు చేతులు మోకాలి మీద ఒత్తి, ఒక ఊపుతో లేచాడు. ఒకసారి ఎడమ చెయ్యి గాలిలోకి పోయింది, గోడ కోసం. గోడ అందేంత దూరంలో లేదు. చెయ్యి తిరిగి వచ్చి కుడి చేతి కిందికి చేరింది.

నమాజు అయ్యేదాకా డాక్టరమ్మ నిలబడే ఉంది. గడియారం చూసుకోలేదు. తర్వాత ఆయన ముక్కులేచిన బూట్లు తొడుక్కుని వరండా అటూ ఇటూ నడిచాడు. తిరిగేటప్పుడు మడమ టక్కుమనలేదు. అక్కడ టక్కుమనడానికి ఏమీ లేదు.

"ఇంతకుముందే అందంగా నడిచారు," అంది ఆమె సర్టిఫికెట్టు మీద సంతకం పెడుతూ.

"ఇప్పుడు ఆరామ్‌గ నడుస్తాన మేడమ్," అన్నాడు ఆయన.

ఆ మరుసటి రోజు నుంచి మా వర్క్‌షాపులో ప్రతి మనిషినీ చివరి ట్రయల్లో పాదరక్షలు విప్పించి నడిపించాం. ఉస్తాద్ ప్రతిసారీ విసుక్కునేవాడు, ప్రతిసారీ తానే వంగి లాగి తీసేవాడు. మీకు నేర్పే పుస్తకాల్లో రోజూ వేసుకునే బూట్లతో కాలు సరిచూడాలని ఉంటుంది. తప్పు కాదు. కానీ ఆ పుస్తకాలు రాసినవాళ్ళు మంచం దిగితే బూట్లు, మంచం ఎక్కేదాకా బూట్లు. మనం గడప దగ్గర విడిచే మనుషులం. ఇది మాకు కనిపించకపోవడానికి కారణం చదువు తక్కువ కావడం కాదు, ఎక్కువ కావడమూ కాదు. ఇంట్లో చేసే పని ఆఫీసులో గుర్తుకు రాకపోవడమే.

పండుగ పొద్దున రైలెక్కి నెక్కొండ పోయాను. రమ్మని ఫోన్ చేసింది ఆయన భార్యే. ఇంట్లో సేమ్యా పాయసం వాసన. గ్లాసు నీళ్ళ కోసం వంటింటి వైపు తిరిగితే ఫ్రిజ్ కనిపించింది. ముందు కాళ్ళ కింద రెండు నల్లటి ముక్కలు.

"ఊగులాడుతుండె బేటా," అంది ఆమె. "ఇప్పుడు కదుల్తలేదు."

హవల్దారు కొత్త లాల్చీలో వచ్చాడు. కాళ్ళకు అవే బూట్లు, ఎప్పటి మెరుపుతోనే. "నడువు జవాన్," అన్నాడు. చంకకర్రలు తలుపు వెనక ఉన్నాయి. వాటి వైపు చూడలేదు.

మసీదు మెట్ల దగ్గర వందల చెప్పులు. వాటి మధ్య ఆయన బూట్లు విప్పాడు. ఎడమది రాకపోతే నేను వంగి లాగాను. ఆయన లోపలికి పోయాడు. నేను బయట కిటికీ దగ్గర నిలబడ్డాను. రెండో వరుస అప్పటికే నిండి ఉంది. ఆయన దాని వెనక ఆగాడు, జాగ అడగలేదు. గడ్డం నెరిసిన ఒక పెద్దమనిషి తల తిప్పి చూశాడు. వాళ్ళన్నే అనుకుంటాను, అదే ముక్కు. ఆ పెద్దమనిషి ఒక అడుగు పక్కకు జరిగాడు. ఆయన పక్కవాడు జరిగాడు. వరుస చివరిదాకా ఒక్కొక్కరే జరిగారు. హవల్దారు సందులోకి అడుగుపెట్టాడు.

మెట్లు మెల్లగా ఎక్కే ముసలివాళ్ళు చివరగా వచ్చి గోడ పక్క కుర్చీల్లో కూర్చున్నారు. నమాజు మొదలైంది.

ఆ రోజు కూడా కుర్చీలు ఆరు వేశారు. కూర్చున్నది అయిదుగురు.